సాయం ఎవరి చేతికి?

ప్రభుత్వం రైతుకు ఇచ్చే ప్రతి రూపాయీ ప్రజల సొమ్మే. అది ఏ గడపకు చేరిందో తెలుసుకునే హక్కు ఊరందరికీ ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ సంగతిని నాలుగో సెక్షన్లోనే తేల్చి చెప్పింది. సబ్సిడీ పథకాలకు ఎంత కేటాయించారో, లబ్ధిదారులు ఎవరో ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే, ఎవరూ అడగకముందే వెల్లడించాలి. పీఎం కిసాన్ పోర్టల్‌లో ఊరి పేరు ఎంచుకుంటే సాయం అందుకునేవారి జాబితా కనిపిస్తుంది. మంచి పద్ధతే.

అయితే జాబితాను నలుగురి ముందు పెట్టినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. అందులో ఎవరి పేరు లేదో కూడా చూడాలి. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు అందేది సొంత భూమి ఉన్న రైతు కుటుంబాలకే. తెలంగాణలో 2018 మే నెలలో మొదలైన రైతుబంధుకు పట్టాదారు పాసుపుస్తకమే ఆధారం. పంటకు ఎకరానికి 4,000, తర్వాత 5,000 రూపాయల చొప్పున ఎన్ని ఎకరాలుంటే అంత సాయం అందింది. పొలాన్ని కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న యజమాని ఖాతాలోనూ ఆ డబ్బు పడింది. కౌలు కట్టి, వడ్డీకి తెచ్చి విత్తనం వేసిన మనిషికి మాత్రం రాలేదు. 2025 జనవరిలో దాని స్థానంలో వచ్చిన రైతు భరోసా ఆ సాయాన్ని ఎకరానికి ఏటా 12,000 రూపాయలకు పెంచింది, సాగుకు పనికొచ్చే భూములకే అన్నది. కానీ కౌలు రైతు ఇంకా గట్టు అవతలే ఉన్నాడు.

ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. ఆ చట్టం ప్రకారం కౌలుదారుకు సాగుదారు కార్డు కావాలంటే 11 నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయం యజమానిది. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనన్న భయం కౌలుదారుది. అందుకే ఎక్కువ కౌళ్లు నోటి మాట మీదే నడుస్తున్నాయి. నోటి మాట జాబితాకెక్కదు.

పేర్లు బయటపెడితే రైతు గుట్టు రట్టవుతుందన్న అభ్యంతరమూ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. యూరప్‌లో వ్యవసాయ సాయం పొందిన వ్యక్తుల పేర్లను, వారికి అందిన మొత్తంతో సంబంధం లేకుండా ప్రచురించడం సరికాదని 2010లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. తర్వాత వచ్చిన నిబంధనలు పేర్ల ప్రచురణను పునరుద్ధరించాయి. చిన్న మొత్తాలు అందుకునే రైతుల పేర్లను మాత్రం గోప్యంగా ఉంచాయి. మనమూ ఆ వివేకం పాటించవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు ఎవరికీ కనిపించనక్కర్లేదు. ఎంత భూమికి, ఎంత సొమ్ము, ఎవరికి అన్న మూడూ కనిపిస్తే చాలు.

వాటి పక్కన నాలుగోది కూడా చేర్చాలి: ఆ పొలం సాగు చేస్తున్నది ఎవరు? ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు చేసేటప్పుడు ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో, దాన్ని ఎవరు వేశారో రాసుకుంటున్నారు. ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీకి దేశంలోనే దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కూలి డబ్బు లెక్కను అలా చదవగలిగిన మనం రైతు సాయం లెక్కను ఎందుకు చదవలేం?

కౌలుదారులూ పాలుకు చేసేవారూ రైతులేనని 2007 నాటి జాతీయ రైతు విధానం ఏనాడో చెప్పింది. ప్రతి సీజన్ ముందు గ్రామసభలో జాబితా చదవాలి, అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే సొమ్ము జమ చేయాలి. చదువుకున్నవారు తమ ఊరి జాబితా తీసి పెద్దలకు వినిపించాలి. పొలం చేస్తున్నది ఎవరో ఊరికి తెలుసు. ప్రభుత్వ జాబితాకూ అది తెలియాలి.