ఫోను జాడే మనిషి జాడా?

ఊళ్ళో కొత్త మనిషి కనిపిస్తే పెత్తందారు అడిగేది "ఏ వాడరా నీది?" అని. వాడ తెలిస్తే చాలు, మంచం మీద కూర్చోబెట్టాలో, నేల మీద నిలబెట్టాలో తేలిపోతుంది. ఉండే చోటును బట్టి మనిషి విలువ కట్టిన దేశం మనది. ఇప్పుడా లెక్క ఫోనులోకి చేరింది.

ఉపగ్రహాలు, టవర్లు, చుట్టుపక్కల వైఫైల సాయంతో ఫోను తానెక్కడుందో కనిపెడుతుంది. రాత్రి ఎక్కడుంది, పగలు ఎక్కడ తిరిగింది అన్నీ నమోదవుతాయి. ఖాతా తెరిచినవాడు అలవాటైన చోటునుంచే తెరిస్తే అసలు మనిషని నమ్ముతారు. కొత్త చోటునుంచి తెరిస్తే అనుమానిస్తారు. దొంగల్ని ఆపడానికి ఇది కొంత పనికొస్తుంది, కాదనం. కానీ ఈ లెక్క ఎవరి బతుకును చూసి వేశారు?

మన ఇళ్ళల్లో ఫోను ఒక్కరిది కాదు. పొద్దున అయ్య చేతిలో ఉంటది, సాయంత్రం చదువుకునే పిల్ల చేతిలో ఉంటది. పాలమూరు కూలీ కొన్నాళ్ళు ఊళ్ళో, కొన్నాళ్ళు ముంబైలో. ఆయనకు అలవాటైన చోటు ఏది? కడుపు కోసం తిరగడమే అనుమానానికి కారణమైతే వలసకూలీలంతా అనుమానితులే!

ఇంకో ప్రమాదముంది. పదిహేను లక్షల మంది ఫోను జాడల్ని పరిశీలించిన పరిశోధకులు 2013లో ఒక సంగతి తేల్చారు. ఏ వేళకు ఎక్కడున్నారో నాలుగుసార్లు తెలిస్తే చాలు, పేరు లేకున్నా నూటికి 95 మందిని విడిగా గుర్తుపట్టొచ్చట. మన దగ్గర రాత్రి పడుకునే చోటు మాలపల్లో మాదిగవాడో అయితే పేరుతోపాటు కులమూ బయటపడుతుంది. "మేం కులం అడగలేదే" అని కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. అడగకుండానే తెలిసిపోయినప్పుడు అడగడం దేనికి?

మనిషి మాటకంటే యంత్రం మాట పెద్దదైతే ఏమవుతుందో కూలీలనడగండి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి పనిచోటు జాడతో సహా రోజుకు రెండు ఫొటోలు ఫోనులో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలీ పోతోందని ఆ ఏడాదే కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. నాగపూర్, చండీగఢ్‌లలో పారిశుధ్య కార్మికుల చేతికి జాడతీసే గడియారాలు కట్టారు. ఊడ్చేవాళ్ళ చేతికే ఎందుకు? పై అధికారి చేతికి ఎందుకు లేదు?

అమెరికాలోని ఫ్లోరిడాలో 2019లో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. ఆ ఇంటి ముందునుంచి గంటలో మూడుసార్లు సైకిలు తొక్కుకుంటూ పోయిన పాపానికి ఒక యువకుడి ఫోను జాడ పోలీసుల జాబితాకెక్కింది. వకీలును పెట్టుకున్నాడు, బయటపడ్డాడు. అదే మన వాడలో పిల్లగాడైతే? వకీలు దొరికేలోపు ఠాణాలో ఎన్ని రాత్రులు గడవాలె?

బెయిలు మీద వచ్చిన మనిషి తన ఫోను జాడను పోలీసులకు చూపాలన్న షరతును సుప్రీంకోర్టు 2024 జూలై 8న కొట్టేసింది. నిత్యం కనిపెట్టి ఉండడం మనిషి ఆంతరంగిక హక్కుకు భంగమన్నది. నేరం మోపబడ్డ మనిషికున్న ఆ హక్కు, ఏ నేరమూ చెయ్యని కూలీకి లేదా?

మేం అడుగుతున్నది ఇంతే. ఫోను జాడ ఒక్కటే చూసి ఎవరి కూలీ కొయ్యొద్దు, ఎవరి ఖాతా ఆపొద్దు, ఎవర్నీ ఠాణాకు పిలవొద్దు. జాడ ఇవ్వనన్నవారికి వేరే దారి ఉండాలె. తప్పు జరిగితే వినడానికి యంత్రం చాలదు, బాధ్యత పడే మనిషి ఎదుట కూర్చోవాలె. మన జాడ ఎవరి దగ్గరుందో, ఎన్నాళ్ళుంటుందో మనకు తెలిసే భాషలో చెప్పాలె.

వాడవాడనా ఈ ప్రశ్నలు లేవనెత్తండి. సంతకం పెట్టే ముందు, ఫోనులో "సరే" అని నొక్కే ముందు అడగండి: నా జాడ నీకెందుకు?