ఆరుగురికి ఒకే ఓటు

ఏథెన్స్‌ను ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మెచ్చుకునే మనం క్రీ.పూ. 406 నాటి ఒక విచారణను కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆర్గినుసే దగ్గర స్పార్టా నౌకాదళాన్ని ఏథెన్స్ చిత్తుగా ఓడించింది. అయితే తన ఓడలూ 25 పోయాయి. తుఫాను ముంచుకురావడంతో నీళ్లలో పడ్డవాళ్లను కాపాడలేకపోయారు. ఆ నగరం కడుపుకోతను నేను తక్కువ చేయను. కానీ తమవాళ్లను కాపాడలేదన్న నేరం మోపి, గెలిచి వచ్చిన సేనానులను ఒక్కొక్కరిగా విచారించాలన్న చట్టాన్ని పక్కన పెట్టి, అందరికీ కలిపి ఒకే ఓటు పెట్టారు. ఒక్కో తెగకు రెండేసి కుండలు: దోషులనుకుంటే ఒకదాంట్లో, కాదనుకుంటే రెండోదాంట్లో ఓటు వేయాలి. జనం అనుకున్నది జరగనివ్వకపోతే ఊరుకోమని సభ హోరెత్తింది. సభ నిర్వాహకుల్లో కొందరు మొదట అడ్డుచెప్పి, బెదిరింపులకు లొంగిపోయారు. వాళ్లలో ఒకడైన సోక్రటీస్ మాత్రం చట్టం కాదన్న పని చేయనని భీష్మించుకుని కూర్చున్నాడు. ఎంత గుండెనిబ్బరం! తిరిగొచ్చిన ఆరుగురికీ మరణశిక్ష పడింది. వాళ్లలో మహానేత పెరిక్లీస్ కొడుకూ ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఏథెన్స్ తర్వాత పశ్చాత్తాపపడింది. మరుసటి ఏడాదే ఈగోస్పొటామి దగ్గర దాని నౌకాదళం దాదాపు మొత్తం శత్రువు చేతికి చిక్కింది.