కొల్లేరు ముంచిందట!

వానలు ముదిరి లంక గ్రామాల్లోకి నీళ్లొస్తే చాలు, కొల్లేరు ముంచింది అంటారు అందరూ. పేపర్లలోనూ అదే మాట, రైల్లో పక్కసీటు ఆవిడా అదే మాట. కొల్లేటి పక్క పల్లె నా పుట్టిల్లు. పుట్టింటి మీద అభాండం వేస్తే ఏ ఆడపిల్ల ఊరుకుంటుంది చెప్పండి? అందుకే ఈ నాలుగు మాటలూ.

అసలు కొల్లేరంటే ఏమిటి? కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, పొలాల మురుగుకాలువలు అన్నీ వచ్చి అందులోనే పడతాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ పోతుంది పాపం. మన పెరట్లో నీళ్లతొట్టి లాంటిదే అనుకోండి. అందులో బిందెల మీద బిందెలు కుమ్మరించి, తూములో గుడ్డ కుక్కి, తొట్టి పొంగిందని తొట్టినే తిట్టే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా?

పాతవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఎత్తుగా ఉన్న దిబ్బలు చూసుకుని ఊళ్లు కట్టుకున్నారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ కూడా అలాంటి లంకమీదే కొలువుంది. వానాకాలం తాటిదోనెల మీద చేపలవేట, నీరు తీసినచోట దాళ్వా వరి. సరస్సు పెరిగితే మనుషులు వెనక్కి జరిగేవాళ్లు, తగ్గితే ముందుకి వచ్చేవాళ్లు. అత్తాకోడళ్లయినా అంత సర్దుకుపోయి ఉండరేమో!

తర్వాత చేపల చెరువులొచ్చాయి. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకి చెరువులిచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ డబ్బున్నవాళ్లు వాటిని లీజుకి తీసుకున్నారు, కొత్తవి తవ్వారు, సరస్సు నిండా గట్లు లేపారు. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకూ, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కించారు. 2006లో గట్లు కొట్టించారు. కొన్నాళ్లకి చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఇప్పుడు చెప్పండి, కొల్లేరు ఊళ్లమీద పడిందా, మనమే కొల్లేటి మీద పడ్డామా?

ఆ చెరువుల వల్లే కదమ్మా నాలుగు వేళ్లు నోట్లోకి పోతున్నాయి అంటారు. ఎవరి నోట్లోకండీ? బొచ్చె, శీలావతి ఐసులో పడుకుని కలకత్తా దాకా లారీల్లో పోతాయి. లంకలో ఉండే ఆవిడకి దక్కేది లీజు చిల్లర, లేకపోతే గట్టుమీద కూలి. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి మాత్రం డబ్బా నీళ్లు కొనుక్కోవాలి! గట్లు కొట్టినప్పుడూ ముందు వీధిన పడేది ఆవిడే గాని, పట్నంలో మేడ ఉన్న ఆసామి కాదు. కనక యంత్రాలు పెట్టి కొట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ముందు వాళ్లకో బతుకుతెరువు చూపించి, వేట హక్కు వాళ్ల చేతిలో పెట్టి, ఆ తర్వాత గట్లు తియ్యాలి.

పట్నంవాళ్లం, మనకేం అనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ ఇళ్లల్లోకి వచ్చి కూర్చుంది. ఆ నీరు చివరికి చేరింది కొల్లేటికే. బెజవాడ, గుడివాడ, ఏలూరు మురుగూ అటే పోతుంది. మనం అంట్లు తోమి పారబోసిన నీళ్లు మాయమైపోవు, ఇంకో ఆడమనిషి గుమ్మం ముందుకి వెళతాయంతే.

ఆటపాకలో గూడబాతుల్ని చూపించడానికి పిల్లల్ని తీసుకెళుతున్నాం, సంతోషం. అలాగే ఒక కాగితం మీద బుడమేరు ఎటు వస్తుందో, ఉప్పుటేరు ఎటు పోతుందో గీసి చూపించండి. పాఠంలో మంచినీటి సరస్సు అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోనివ్వకండి. ఓట్లకి గుమ్మంలోకి వచ్చినవాళ్లని బొట్టుపెట్టి పంపేయకుండా నిలబెట్టి అడగండి: ఉప్పుటేరు పూడిక ఎప్పుడు తీస్తారు? మా ఊరి మురుగు శుద్ధిచేసి వదులుతున్నారా? లంకల్లో ఆడవాళ్లకి కుళాయి నీళ్లెప్పుడు?

వాటికి జవాబొచ్చేదాకా మాత్రం నా ఎదుట ఎవరూ కొల్లేరు ముంచింది అనకండి. మొహమాటం లేకుండా పోట్లాడతాను.