సంతకం పెట్టని ఇళ్లు లెక్కలో ఉన్నాయా?

2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం తొలి విడతలోనే కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరి ఉన్నాయి. సూదులు ఎక్కువగా బడుల్లోనే వేశారు. టీకా వేయడం ఒక పని, అది ఎంత కాపాడిందో తేల్చడం మరో పని. ఈ రెండోదాని గురించి మన బడుల్లో మాటే వినపడదు.

వేయించుకున్నవారిని, వేయించుకోనివారిని పోలిస్తే సరిపోదా? సరిపోదు. 1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకాను బడిపిల్లలకే వేసి పరీక్షించారు. కొన్నిచోట్ల రెండో తరగతిలో ఇంట్లో ఒప్పుకున్న పిల్లలకు టీకా వేసి, ఒకటి, మూడు తరగతుల పిల్లలందరితో పోల్చారు. మరికొన్నిచోట్ల ఒప్పుకున్న ఇళ్ల పిల్లల్లోనే సగం మందికి టీకా, సగం మందికి మందు లేని సూది వేశారు. ఎవరికి ఏది పడిందో పిల్లలకూ తెలియదు, వేసినవారికీ తెలియదు. ఈ పద్ధతిలో టీకా పడినవారిలో లక్షకు 28 మందికి పోలియో వచ్చింది, మందు లేని సూది పడినవారిలో 71 మందికి. మరి తల్లిదండ్రులు వద్దన్న పిల్లల్లో? 46 మందికే! వారికీ టీకా లేదు కదా. ఒప్పుకున్నవి ఎక్కువగా కలిగిన ఇళ్లు. పేదపిల్లలకు తల్లి ఇచ్చిన రక్షణ ఉన్న పసితనంలోనే వైరస్ సోకి, తట్టుకునే శక్తి వచ్చేసేది. మొదటి పద్ధతిలో రెండు రకాల ఇళ్లూ కలిసిపోయి, తేడా 54కు 25గా తగ్గి కనిపించింది.

అంటే సంతకం ఎవరు పెట్టారన్నదే లెక్కను మార్చేస్తుంది. మా దిగులు అక్కడే. రాష్ట్ర భాషలో వచ్చిన పత్రం చదవలేని తల్లి దాన్ని పక్కన పెడుతుంది. దాంతో మన వీధి మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. గేటు దగ్గర రెండు ముక్కలు చెప్పి మేమే సంతకాలు పెట్టించిన రోజులూ ఉన్నాయి. అదీ తప్పే.

బడుల్లో అధ్యయనం చేసేవారు పత్రం తెలుగులోనూ ఇవ్వాలి. మన ఇళ్లలో మాట వచ్చి లిపి రానివారు చాలామంది కనుక, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాలి. వద్దన్నవారి సంఖ్య, ఇంటి భాష కూడా రాసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. "వేయించినట్టే గుర్తు" అన్న జవాబుతో ఏ లెక్కా నిలవదు. టీకా కార్డు నకలు ఒకటి బడికి ఇవ్వండి. ఇల్లు మారేటప్పుడు ముందు పోయేది ఆ కార్డే.