జోన్సు అను ఇంటిపేరు

కాళిదాసుని శాకుంతలమును 1789వ సంవత్సరమున ఆంగ్లమున ప్రకటించిన సర్ విలియం జోన్సు పేరు మన సోదరీమణులలో పెక్కురు వినియే యుందురు. ఆయన పుట్టినది లండను నగరమున. పేరు మాత్రము ఇంగ్లండునకు పడమటనున్న వేల్సు దేశమునది. ఆ పేరు వచ్చిన విధమును ఈ మాసమున ముచ్చటింప దలచితిమి.

ఆయన తాతగారు షోన్ షోర్ అను వేల్సు రైతు. షోన్ అనగా ఆంగ్లమున జాన్. షోన్ కుమారుడు విలియం 1675లో ఆంగ్లసీ ద్వీపమున జనించెను. తండ్రి పేరే బిడ్డకు రెండవ పేరగుట అచ్చటి ఆచారము గావున జాన్ కొడుకు జోన్సయ్యెను. 'పై' అను గ్రీకు అక్షరమును వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తికి గుర్తుగా 1706లో మొదట వాడిన పండితు డీతడే. ఈతని కుమారుడే మన సర్ విలియం. పాత ఆచారమే సాగినచో విలియం కొడుకు విలియమ్సు కావలసినది. అట్లుగాక జోన్సుగనే నిలిచెను. తాతనాటి పిలుపు మనుమనినాటికి ఇంటిపేరైనది.

పూర్వము వేల్సులో ఇంటిపేరులే లేవు. కుమారునికి 'అప్', కుమార్తెకు 'వెర్ఖ్' అను మాటలు చేర్చి తండ్రి పేరు చెప్పెడివారు. భూమిలో పాలు రావలెనన్న వంశము చెప్పవలసి యుండుటచే తాతముత్తాతల పేరులు కంఠస్థముగా నుండెడివి. 1536లో ఇంగ్లండు చట్టములు వేల్సున అమలులోనికి వచ్చిన పిమ్మట స్థిరమైన ఇంటిపేరులు క్రమముగా వ్యాపించెను. మొదట ధనికులు, శతాబ్దముల తరువాత సామాన్యులు వానిని గైకొనిరి. జాన్ అను పేరు మిక్కిలి వాడుకలో నుండుటచే జోన్సులు లెక్కకు మిక్కిలి యైరి. ఒకే యూరి జోన్సులను గుర్తించుటకు పాల జోన్సు, రొట్టెల జోన్సు అని వృత్తినిబట్టి పిలువవలసి వచ్చెను. 2006లో కార్డిఫ్ నగరమున 1,224 మంది జోన్సులు ఒకచోట గూడి వింత గొలిపిరి!

ఇం దొక విషయము మన సోదరీమణులు గమనింపదగియున్నది. పాత పద్ధతిలో స్త్రీ పెండ్లియాడినను పేరు మార్చుకొనెడిది కాదు. రీస్ రాజు కూతురు నెస్ట్, విండ్సరు జెరాల్డను దుర్గాధిపతిని వివాహమాడినను చరిత్రలో నేటికిని నెస్ట్ వెర్ఖ్ రీస్ అనియే ప్రసిద్ధురాలు. స్థిరమైన ఇంటిపేరు వచ్చుటతో 'వెర్ఖ్' అను చిన్న మాట జారిపోయెను. దానితో పెండ్లియైన స్త్రీ పుట్టినింటి పేరును మరుగుపడెను. అయితే ఆ పాత మాటయు తండ్రి పేరునే చెప్పెను గాని తల్లి పేరును చెప్పలేదు. ఇటీవల వేల్సులో కొందరు స్త్రీలు 'వెర్ఖ్'ను మరల ధరించుచున్నారు.

మన యిండ్లలో తాతగారి యింటిపేరు అందరికిని తెలియును. అమ్మమ్మ పుట్టినింటి పేరు అడిగినచో ఎందరు బిడ్డలు చెప్పగలరు? చెప్పగల పెద్దలు ఇంటనుండగనే దానిని అడిగి వ్రాసియుంచుడని సోదరీమణులను కోరుచున్నాము.