జట్టు నగరానిది, ఆట పల్లెలది

2025 అక్టోబరులో హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ నాలుగవ సీజన్ జరిగింది. పది జట్లు తలపడ్డాయి. నెల తిరగకుండానే బెంగళూరు టార్పెడోస్ జట్టు ముంబయి మీటియర్స్‌ను ఓడించి కప్పు పట్టుకుపోయింది. దీపాలు ఆర్పారు, నెట్టు విప్పారు, ఆటగాళ్ళు ఎవరి దారిన వారు వెళ్ళారు. మన రాష్ట్ర రాజధాని పేరు పెట్టుకున్న హైదరాబాద్ బ్లాక్‌హాక్స్ జట్టు మళ్ళీ సీజన్ వచ్చేదాకా మన కంటికి కనిపించదు. రైలు దారిన రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న డోర్నకల్‌కు ఆ జట్టుతో ఏమిటి సంబంధం? ఈ ప్రశ్న వేయవలసిన సమయం వచ్చింది.

వాలీబాల్ మనకు కొత్త ఆట కాదు. రెండు గుంజలు, ఒక నెట్టు, ఒక బంతి, పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు గల చదునైన నేల ఉంటే చాలు, పన్నెండు మందికి సాయంత్రం గడుస్తుంది. చేతిలో డబ్బు లేని పల్లెకూ, తండాకూ ఇంతకన్నా తగిన ఆట మరొకటి లేదు.

ఈ ఆట పుట్టుకకూ మన ఊరి చరిత్రకూ ఒక చిత్రమైన పోలిక కూడా ఉన్నది. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గాన్ ఈ ఆటను కనిపెట్టాడు. సరిగ్గా ఆ ఏడే దక్షిణ భారతంలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే యువకుడు అదే వై.ఎం.సి.ఎ. సేవలో చేరాడు. 1909లో డోర్నకల్ వచ్చి, 1912లో ఇక్కడి మొదటి బిషప్ అయినది ఆయనే. ఆయన ఇక్కడికి వాలీబాల్ తెచ్చారని ఎవరూ అనలేరు. కాని ఆ ఆటను దేశదేశాలకు మోసుకుపోయిన సంస్థలో పనిచేసిన మనిషి పేరుతో మన ఊరి పేరు ముడిపడి ఉన్నదని మాత్రం చెప్పుకోవచ్చు.

ఇక వృత్తి జట్ల సంగతికి వద్దాం. మన దేశంలో డబ్బు పెట్టి వాలీబాల్ లీగు నడపడం ఇది మూడవసారి. 2011లో ఇండియన్ వాలీ లీగ్ వచ్చింది. అందులో హైదరాబాద్ చార్జర్స్, యానాం టైగర్స్ అని తెలుగువారి జట్లు రెండు ఉండేవి. అది ఒక్క సీజన్‌తో సరి. 2019లో ప్రో వాలీబాల్ లీగ్ వచ్చింది. బ్లాక్‌హాక్స్ పేరు మొదట వినిపించింది అప్పుడే. అదీ ఒక్క సీజనే. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ గచ్చిబౌలిలోనే మొదలైంది. ఆ ఏడు బ్లాక్‌హాక్స్ సెమీఫైనల్ దాకా వెళ్ళి అహ్మదాబాద్ చేతిలో ఓడింది. 2023లో సినీ నటుడు విజయ్ దేవరకొండ ఈ జట్టుకు సహ యజమాని అయ్యారు. ముందు రెండు లీగులకన్నా ఇది గట్టిగా నిలిచింది. ఏడు జట్లతో మొదలై పదికి పెరిగింది. అందుకు నిర్వాహకులను అభినందించవలసిందే.

అయితే మొదటి రెండు లీగులూ ఆగిపోయినప్పుడు మన ప్రాంతంలో ఒక్క కోర్టు మూతపడలేదు, ఒక్క పిల్లవాడి శిక్షణ ఆగలేదు. ఎందుకంటే వాటివల్ల ఇక్కడ తెరిచిన కోర్టూ లేదు, మొదలైన శిక్షణా లేదు. వేరు లేని చెట్టు కూలితే నేల కదలదు. ఇప్పటి లీగుకైనా వేళ్ళు ఉండాలన్నదే మా వాదం.

ఏడాదిలో ఒక నెల జరిగే ఆట ఎవరికీ జీవనం కాదు. లీగులో ఆడుతున్న మనవాళ్ళలో చాలామందికి అన్నం పెడుతున్నవి రైల్వేలు, సైన్యం, ప్రభుత్వ రంగ సంస్థలు. ఈ సంగతి రైల్వే జంక్షన్ అయిన డోర్నకల్‌కు ఒకరు చెప్పనక్కరలేదు. 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టులో తెలుగువాడు పి.వి. రమణ ఉన్నాడు. ఆయన రైల్వే ఉద్యోగి. భార్య విజయ కూడా రైల్వే ఉద్యోగిని, వాలీబాల్ క్రీడాకారిణి. వారి కుమార్తె పి.వి. సింధు బ్యాడ్మింటన్ ఓనమాలు దిద్దినది సికింద్రాబాద్‌లోని రైల్వే సంస్థ కోర్టులలోనే. ఒక ఉద్యోగం, దాని పక్కన ఒక కోర్టు ఉంటే ఒక ఇంటినుంచి ఒలింపిక్ పతకం దాకా దారి పడుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి? 1989లో అబ్దుల్ బాసిత్, 2000లో రమణ, 2002లో రవికాంత్ రెడ్డి అర్జున అవార్డులు అందుకున్నారు. అప్పుడు వారికి వృత్తి లీగు లేదు. కాని సియోల్ తర్వాత ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టుకు మళ్ళీ పతకం రాలేదు. 2023లో హాంగ్‌ఝౌలో దక్షిణ కొరియాను ఓడించి కూడా ఆరవ స్థానంతో సరిపెట్టుకున్నాము.

వృత్తి జట్టు అంటే ఏమిటో ఉత్తర ఇటలీలోని ట్రెంటో నగరాన్ని చూసి తెలుసుకోవచ్చు. ఆ ఊరి జనాభా లక్షా ఇరవై వేలకు మించదు. మన వరంగల్‌లో అంతకు ఎన్నో రెట్లు జనం. ఆ ఊళ్ళో 2000లో పుట్టిన ట్రెంటినో క్లబ్బు ఐదుసార్లు ప్రపంచ క్లబ్ విజేతగా నిలిచింది. దాని బలం కొనుక్కున్న ఆటగాళ్ళు మాత్రమే కాదు. వయసులవారీగా పిల్లల జట్లను అదే క్లబ్బు పెంచుకుంటుంది. అలా పెరిగిన అలెస్సాండ్రో మికియెలెట్టో 2022లోనూ, 2025లోనూ ప్రపంచ విజేత అయిన ఇటలీ జట్టులో ఆడాడు. కేరళలోని పేరావూరు నుంచి వెళ్ళి ఇటలీ క్లబ్బులలో ఆడిన మన జిమ్మీ జార్జి, 1987లో అక్కడ రోడ్డు ప్రమాదంలో మరణించేనాటికి ఈ పద్ధతిని కళ్ళారా చూసినవాడే. నలభై ఏళ్ళు కావస్తున్నది. మనం మాత్రం పైకప్పు నుంచి ఇల్లు కట్టడం మొదలుపెట్టాము.

క్లబ్బు వ్యాపార సంస్థ, లాభం లేని చోట ఎందుకు ఖర్చు పెడుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని టికెట్టు కొనేవాడు, టీవీ ముందు కూర్చునేవాడు ఎక్కడినుంచి వస్తాడు? తమ ఊరి కుర్రవాడు కోర్టులో దిగితే డోర్నకల్, గార్ల, మహబూబాబాద్ జనం టీవీ ముందునుంచి లేవరు. వేలంలో లక్షలు పోసి ఆటగాణ్ణి తెచ్చుకునే బదులు, అందులో పదోవంతు పెట్టి పిల్లలను తయారు చేసుకోవడం వ్యాపారానికీ మంచిదే.

కనుక బ్లాక్‌హాక్స్ యాజమాన్యాన్ని మేము కోరేవి పెద్ద కోరికలు కావు. కాజీపేట నుంచి ఖమ్మం దాకా రైలు మార్గంలోని ఊళ్ళలో ఏడాదికొకసారి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఎంపిక పోటీలు పెట్టండి. ఎంపికైనవారికి సెలవుల్లో శిక్షణ ఇవ్వండి. లీగుకు ముందు ఒక్క ప్రదర్శన మ్యాచ్ జిల్లా కేంద్రంలో ఆడండి. లీగులో సెట్టు పదిహేను పాయింట్లకే ముగుస్తుంది. బయట జాతీయ, అంతర్జాతీయ పోటీలలో ఇరవై ఐదు పాయింట్లు ఆడాలి. ఆ ఓపిక నేర్పే బాధ్యత కూడా శిక్షణలో భాగం కావాలి.

ఆడపిల్లల మాట మరవరాదు. ప్రైమ్ లీగు మగవారిదే. రైల్వే మహిళా జట్టు జాతీయ పోటీలలో ఏళ్ళ తరబడి రాజ్యమేలిన దేశంలో ఇది చిన్న లోటు కాదు. ఎంపిక పోటీలైనా ఇద్దరికీ ఉండాలి.

భారమంతా క్లబ్బు మీద వేసి మనం చేతులు కట్టుకు కూర్చోవడం తగదు. 2022లో ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు తలపెట్టినప్పుడు వాటిలో వాలీబాల్ కోర్టుకు చోటిచ్చారు. బోర్డు పాతడంతో పని అయిపోదు. అక్కడ సాయంత్రం నెట్టు కట్టేదెవరు, బంతి కొనేదెవరు, గడ్డి పీకేదెవరు? పంచాయతీలు, పురపాలక సంఘం, పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు కలిసి దీనికి జవాబు చెప్పాలి. రైల్వే అధికారులు తమ ఆవరణలోని ఆట స్థలాలను ఊరి పిల్లలకు సాయంత్రం వేళ తెరిచి ఉంచితే, రేపు క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి వచ్చే అభ్యర్థులను తామే పెంచుకున్నవారవుతారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. లీగు వెలుగులు చూసి పిల్లల చదువు మానిపించవద్దు. ఆట చూసి భయపడి బంతి లాక్కోనూ వద్దు. చదువు, ఆట రెండూ ఉన్నవాడికే ఉద్యోగం దొరికింది, పతకమూ దొరికింది. మరుసటి లీగుకు బ్లాక్‌హాక్స్ జట్టు జాబితా వెలువడే రోజు వస్తుంది. ఆ జాబితాలో మన జిల్లా పేరు వెతుక్కునే అవకాశం పిల్లలకు కల్పించాలంటే, పని ఈ సాయంత్రమే మన ఊరి కోర్టులో మొదలు కావాలి.