చూర్ణం సంగతి డాక్టరుకు చెప్పారా?

మూలికలకు దుష్ఫలితాలుండవు, దేనితో కలిపి వాడినా ఫరవాలేదన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉన్నది. ఇది ఆయుర్వేదం చెప్పిన మాట కాదు. అనుపానాన్ని బట్టి మందు బలం మారుతుందని మన శాస్త్రమే చెప్పింది. తేనెను యోగవాహి అన్నది అందుకే.

తంబళ్లపల్లె వారికి మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరం తెలియనిది కాదు. 1915లో అక్కడ క్షయ వైద్యశాల వెలసిన నాటికి ఆ వ్యాధికి మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. తరువాత రిఫాంపిసిన్ వచ్చింది. 2009 ప్రాంతంలో మన దేశంలోనే ఆ మందును 450కి బదులు 200 మిల్లీగ్రాములే వేసి, మిరియాలలోని పైపరిన్‌ను 10 మిల్లీగ్రాములు చేర్చిన మాత్ర తయారైంది. పేగులలోనూ కాలేయంలోనూ మందును అడ్డగించే, విరిచివేసే క్రియలను పైపరిన్ మందగింపజేస్తుంది. అందువలన రక్తంలోకి మందు ఎక్కువగా చేరుతుంది. చారులోని మిరియానికి జంకనక్కరలేదు; నిత్యం త్రికటు చూర్ణం సేవించడం వేరు.

దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. శంఖపుష్పితో కూడిన ఔషధం ఫెనిటాయిన్ పాలును రక్తంలో తగ్గించి, అదుపులోనున్న మూర్ఛను తిరిగి రప్పించగలదని 1992లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మధుమేహ మాత్రలకు పొడపత్రి తోడైతే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు.

కసురుతారన్న భయంతో రోగి ఈ సంగతులు దాచిపెడతాడు. తప్పు కసిరేవారిదేనని నా అభిప్రాయం. అయినా, ఈసారి వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు చూర్ణం డబ్బాను కూడా సంచిలో వేసుకోండి. మాత్రలను మాత్రం మీ అంతట మీరు మానకండి.